బట్ట తెస్తేనే గుండీ

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. మా వీధిలో కొట్లవాళ్ళందరం ఎవరి గుమ్మంలో వాళ్ళం నిలబడి ఈగలు తోలుకునే రోజులవి. ఈగలు కూడా తడిసిపోయి రావడం మానేశాయని అత్తయ్య అనేది.

మాది గుండీల కొట్టు. గుండీలతో పాటు దారాలు, జిప్పులు, లేసులు, హుక్కులు కూడా ఉంటాయి గానీ, అవన్నీ గుండీలకి చుట్టాల్లాంటివి. పొడుగాటి గది, రెండు పక్కలా నేలనుంచి కప్పుదాకా చెక్క పెట్టెలు. ప్రతి పెట్టె మొహానా ఒక అట్టముక్క, దానిమీద లోపల ఉన్న రకం గుండీ ఒకటి కుట్టి ఉంటుంది. పేరుండదు, నంబరుండదు. చిన్నప్పుడు నేను అక్షరాలకంటే ముందు ఆ గోడ చదవడమే నేర్చుకున్నాను.

కొట్టుకి ఉన్నది ఒక్కటే నియమం. బట్ట తెస్తేనే గుండీ. "నల్లదండీ, ఇంత ఉంటుంది" అని వేళ్ళతో చూపిస్తే నాన్న ఇవ్వడు. మనిషికి గుర్తున్న రంగు వేరు, బట్టమీద ఉన్న రంగు వేరు అంటాడు. ఒకసారి ఒకాయన ఏదో పెళ్ళికి పోతూ కారు దిగి కోటుకి నల్ల గుండీ ఒకటి కావాలన్నాడు. కోటు ఇంట్లో ఉందట. వెళ్ళి తెమ్మన్నాడు నాన్న. ఆయన నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ వెళ్ళి, కోటు పట్టుకుని తిరిగొచ్చాడు. అది నలుపు కాదు, ముదురు నీలం. ఆ రోజునుంచి నాన్నని పట్టడం మా వల్ల కాలేదు.

కానీ బట్ట తెచ్చేవాళ్ళేరీ? గుండీ ఊడితే చొక్కానే పారేస్తున్నారు జనం. దర్జీలు ఒక్కొక్కరే మిషన్లు మూసేశారు. ఆ వానాకాలానికి మేం కొనేవాళ్ళకోసం మొహం వాచిపోయి ఉన్నాం. నాన్నని "ఒరేయ్" అనగలిగిన మనిషి ఇంట్లో అత్తయ్య ఒక్కర్తే. నాన్నకి అక్క, నాకు మేనత్త, మా అమ్మ పోయినప్పటినుంచి మా ఇద్దరినీ గుప్పిట్లో పెట్టుకుని నడిపిస్తున్న మనిషి. ఒకరోజు అన్నాలు తింటుండగా తేల్చి చెప్పేసింది. వెబ్‌సైటన్నా పెట్టు, లేకపోతే వచ్చే వానలనాటికి కొట్టు ఫోన్ల రిపేరువాడికి అద్దెకన్నా ఇచ్చెయ్యి అని. నాన్న అన్నం ముగించి లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, బట్ట చూడందే గుండీ ఇవ్వని వెబ్‌సైటేదైనా ఉంటే పెట్టుకోండి అన్నాడు. అలాంటిది ఉండదని ఆయన ధీమా.

మా కొట్టుకి ఎదురుగా ఫొటో స్టూడియో. దాని యజమానిని వీధంతా "నవ్వండి గారు" అనేది. కెమెరా వెనకనుంచి "కొంచెం నవ్వండి" అని అందరినీ బతిమాలడమే గానీ, ఆయన నవ్వగా చూసినవాళ్ళు తక్కువ. భార్య పోయాక ఆ కాస్తా పోయింది. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక స్టూడియోకి పాస్‌పోర్టు ఫొటోలవాళ్ళు తప్ప రావడం మానేశారు. కంప్యూటరు తెలిసినవాడు, ఫొటోలు తియ్యగలవాడు, పైగా ఖాళీగా ఉన్నవాడు. అత్తయ్య గొడుగేసుకుని వీధి దాటి వెళ్ళి, ఆయన్ని వెంటబెట్టుకునే వచ్చింది.

అప్పటికి నాకు సంబంధాలు చూడ్డం మానేసి ఇంట్లో అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్న వయసు. నేనూ పీల్చుకున్నాననే అనుకున్నాను.

గుండీల కొట్లో పుట్టినదాన్ని కదా, మనిషి మొహంకంటే ముందు గుండీలు చూస్తాను. నవ్వండి గారు బూడిదరంగు గళ్ళ చొక్కా వేసుకున్నాడు. ఎడమ కఫ్‌కి గుండీ లేదు. అది కనబడకుండా రెండు చేతులూ మోచేతులదాకా మడిచాడు. కుడిచేతి మడతలోంచి ఉన్న గుండీ కొంచెం తొంగిచూసింది. తేనెరంగు, అంచున సన్నటి నల్ల గీత. కిటికీ పక్క వరుసలో కిందనుంచి రెండో పెట్టె. ఇంకెక్కడా దొరకదు, మా దగ్గరుంది. అడుగుతాడని చూశాను. ఆయన గోడలవైపు చూశాడు, నావైపు చూశాడు, లాప్‌టాప్ ఎక్కడ పెట్టుకోవాలని అడిగాడు.

వెబ్‌సైటు మనమే కట్టుకోడానికి సామానంతా ఇచ్చే కంపెనీలు బోలెడున్నాయని ఆయన చెప్పాడు. వాటిని బిల్డర్లంటారట. కొన్నాళ్ళు ఊరికే వాడుకోనిస్తాయి. నచ్చితే డబ్బు కట్టాలి, నచ్చకపోతే గడువు దాటాక మనం కట్టిందంతా మాయమైపోతుంది. కొన్ని చూసి ఒకటి తేల్చుకుందాం, వారంలో అయిపోతుంది అన్నాడు.

మధ్యాహ్నాలు రెండు కొట్లలోనూ ఎవరూ ఉండరు కాబట్టి అప్పుడు వచ్చేవాడు. ముందు ఫొటోలు. పెట్టె మొహాన్నుంచి అట్ట ఊడదీసి తెల్లగుడ్డమీద పెట్టి, గుమ్మంలోంచి వచ్చే వాన వెలుగులో తీసేవాడు. మెరిసే గుండీలమీద వెలుగు మరీ తళుక్కుమంటే దానికి అడ్డంగా నేను నల్లగొడుగు పట్టుకోవాలి. బయట వీధిలో జనం తడుస్తూ పోతుంటే నేను కొట్టు లోపల, పొడి నేలమీద, గొడుగేసుకుని నిలబడేదాన్ని. ఇంకొంచెం ఇటు, అనేవాడు. ఇంకొంచెం ఇటు. గుండీలంటే ఆయనకి నచ్చాయి. కళ్ళు మూసుకోవు, నవ్వమంటే మొహం మాడ్చుకోవు అన్నాడొకసారి. ఆ మాటకి నేను నవ్వితే గొడుగు కదిలింది. మళ్ళీ తియ్యాల్సొచ్చింది.

మొదటి బిల్డరు చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ, దాన్ని కాఫీ హోటళ్ళకోసం తయారుచేశారట. ఎన్ని తీసేసినా ఏదో ఒక మూల "టేబుల్ బుక్ చేసుకోండి" అని తగిలేది. అత్తయ్యకి అది తెగ నచ్చింది. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి గుండీలు వడ్డిద్దాం అంది. రెండోది ప్రతి ఫొటోనీ నలుచదరంగా కోసేసి గుండీల అంచులు నరికేసింది. మూడోది సైజు చెప్పందే ముందుకి కదలనంది. చిన్నది, మధ్యరకం, పెద్దది, మరీ పెద్దది. మరీ పెద్ద గుండీ ఎవరికిరా, ఏనుగుకా అని అత్తయ్య ముక్కున వేలేసుకుంది. నాన్న మాత్రం కుర్చీలోంచి లేవకుండానే ప్రతిదాన్నీ ఒకటే అడిగాడు, బట్ట చూస్తుందా అని. చూడదు. ఆయన మళ్ళీ పేపరు విప్పుకునేవాడు.

వారం అన్నది ఎప్పుడో దాటిపోయింది. కట్టినవి కట్టినట్టే మాయమైపోయేవి, మేం మళ్ళీ పునాదులు తీసేవాళ్ళం. నాకు విసుగు రావాలి. రాలేదు. పొద్దున్న తలుపు తీస్తూనే ఎదురు కొట్టు షట్టరు ఎత్తి ఉందా లేదా అని చూసుకోవడం అలవాటైంది. మధ్యాహ్నమయ్యేసరికి కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చునేదాన్ని. ఆయన వీధి దాటి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తడవకుండా చొక్కాలో దాచుకుని, తను మాత్రం తడిసి వచ్చేవాడు. తువ్వాలు నా చేతికి దగ్గరలోనే ఉండేది. ఎందుకుంటోందో నాకు తెలియకపోలేదు.

నాలుగో బిల్డరు బావుంది. నిజంగానే బావుంది. ఫొటోలు గుండ్రంగానే ఉన్నాయి, సైజు గోల లేదు, మా గోడని ఎవరో తీసుకెళ్ళి తెరమీద ఆనించినట్టుంది. రేపటినుంచి ఆయన వీధి దాటి రానక్కర్లేదు. ఇక అయిపోయినట్టే. ఆయన చాలాసేపు పైకీ కిందకీ జరిపి చూశాడు. తర్వాత, "ఈ అక్షరాలు అంత కుదురుగా లేవేమో కదండీ" అన్నాడు.

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

"అస్సలు బాగాలేవు" అన్నాను నేను.

నాన్నకి చూపించకుండానే దాన్ని వదిలేశాం. ఆ రోజు ఆయన వెళ్ళాక నేను చేసిన పనేమిటంటే, కిటికీ పక్క వరుసలో కిందనుంచి రెండో పెట్టె తీసి, తేనెరంగు గుండీ ఒకటి ఏరి, సూదికి బూడిదరంగు దారం ఎక్కించి, రెండూ కలిపి నా పిన్నుల డబ్బాలో పెట్టుకున్నాను. అడిగిన క్షణంలో కుట్టిచ్చేద్దామని. ఆయన అడగాలి. నేనుగా ఇస్తే, ఎంతండీ అంటాడేమోనని భయం. డబ్బులు తీసి బల్లమీద పెడితే నేను తట్టుకోలేను.

అత్తయ్య కళ్ళు ఊరుకుంటాయా? మర్నాడు మా ఇద్దరికీ టీ గ్లాసులు అందిస్తూ, ఎవరితోనూ అననట్టు అంది. "నీ సంబంధాలప్పుడు కూడా ఇన్ని వంకలు పెట్టలేదే నువ్వు."

ఆయన కెమెరా మూత తుడవడం మొదలుపెట్టాడు. శుభ్రంగా ఉన్నదాన్నే ఇంకా శుభ్రంగా తుడిచాడు.

ఆ మర్నాడో ఆ పై మర్నాడో, నేను గొడుగు పట్టుకుని ఉండగా, కెమెరాలోంచి కన్ను తియ్యకుండానే చెప్పాడు. వేరే ఊళ్ళో వాళ్ళ బావగారికి బ్యానర్లు అచ్చేసే ప్రెస్సుంది. ఎప్పట్నుంచో రమ్మంటున్నారు. స్టూడియో గది ఖాళీ చెయ్యమని ఇంటాయన కూడా చెప్పేశాడు.

ఎప్పుడు వెళ్తారని అడిగాను. నా గొంతు నాకే మామూలుగా వినిపించింది.

"మీ సైటు పూర్తయ్యాక వస్తానని చెప్పానండీ బావగారికి."

గొడుగు బరువెక్కింది. అంటే ఆయన్ని ఈ వీధిలో ఆపి ఉంచింది మా వెబ్‌సైటొక్కటే. అది పూర్తికాకపోతే ఉంటాడు, పూర్తయితే పోతాడు. ఇంత తేలిగ్గా ఒక మనిషిని ఆపొచ్చని తెలిశాక ఎవరు మాత్రం వదులుకుంటారు? నేను వంకల వేటలో పడ్డాను. ఒకదాని రంగు వెలవెలబోతోందన్నాను, ఇంకొకటి తెరుచుకోడానికి ఆలస్యమవుతోందన్నాను. ఆయన ప్రతిదానికీ తలూపి, నిజమేనండీ, ఇంకోటి చూద్దాం అనేవాడు. ఒక్కసారైనా కాదనలేదు. ఆ రోజుల్లో నేను ఉన్నంత సంతోషంగా మా ఇంట్లో ఎవరూ లేరు.

అలా ఎంతకాలం సాగేదో గానీ, ఒక మధ్యాహ్నం ఆయన రావడానికి కాస్త ముందు నాన్న పేపరు పక్కన పెట్టి, తడిగుడ్డ పట్టుకుని పెట్టెలు తుడవడం మొదలుపెట్టాడు. పొద్దున్నే తుడిచినవే. పై వరుస అందక నిచ్చెన వేసుకున్నాడు. ఒక్కో అట్టనీ తుడిచి, దానిమీద గుండీని బొటనవేలితో ఒకసారి తడిమి, పక్కదానికి జరిగేవాడు. నేను తుడుస్తాను దిగమన్నాను. ఆయన దిగలేదు. "రిపేరువాడు నిన్న వచ్చి గది కొలుచుకుని వెళ్ళాడమ్మా" అన్నాడు, గోడవైపే చూస్తూ. "అత్తయ్యే పంపింది. తప్పేం లేదులే, ఎన్నాళ్ళని చూస్తుంది."

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. నేను ఒకరి గడువు పొడిగిస్తూ ఇంకొకరి గడువు తరిగేస్తున్నాను. ఇద్దరూ నావాళ్ళే. అందులో ఒకరికి ఆ సంగతి ఇంకా చెప్పలేదు, అంతే.

ఆ రోజు నవ్వండి గారు తడవకుండా వచ్చాడు. వాన తెరిపిచ్చింది. ఇంకో బిల్డరు దొరికిందని, నాన్నగారిని పిలవమని అన్నాడు. ఆయన మొహంలో ఉత్సాహమేమీ లేదు. ఆర్డరు పెట్టేవాళ్ళు ముందుగా తమ బట్ట ఫొటో జత చెయ్యాలట ఇందులో. జత చెయ్యందే ఆర్డరు పంపదు. నాన్న నిచ్చెన దిగి వచ్చాడు. నమ్మలేదు. అత్తయ్యని ఇంట్లోకి పంపించి, ఆవిడ స్వెట్టరొకటి ఫొటో తీసి పంపమన్నాం. ముందు ఫొటో లేకుండా ఆర్డరు పంపి చూసింది, వెళ్ళలేదు. ఫొటోతో పంపింది, వచ్చింది. ఊదారంగు స్వెట్టరు, మెడ దగ్గర గుండీ ఊడింది. నాన్న కళ్ళజోడు పైకి తోసుకుని, ఫొటో పెద్దది చేయించుకుని, చూసి, లేచి, తిన్నగా వెళ్ళి ఒక పెట్టె లాగాడు. గుండీ తెచ్చి తెర పక్కన పెట్టాడు. సరిపోయింది. "బట్టని అడుగుతోందిరా ఇది" అన్నాడు. ఎవర్ని రా అన్నాడో తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత నాన్న కొట్లో ఈల వేశాడు.

నవ్వండి గారు లాప్‌టాప్‌ని నావైపు తిప్పాడు.

"మీరూ ఒకసారి చూడండి. ఇంకేమైనా లోపం కనిపిస్తోందా?"

తొందరపడకుండా అడిగాడు. నేను వెతకడానికి కావలసినంత సమయం ఇచ్చాడు. నేను కూడా నిజంగానే వెతికాను, పైనుంచి కిందదాకా. వెనకాల నాన్న ఈల వినబడుతూనే ఉంది.

"లేదండీ" అన్నాను. "అన్నీ బావున్నాయి."

ఆయన తలూపి మూత మూశాడు.

స్టూడియో ఖాళీ చెయ్యడానికి ఎక్కువ కాలం పట్టలేదు. వెళ్ళేరోజు పాస్‌వర్డు చెప్పడానికి వచ్చాడు. అదే గళ్ళ చొక్కా, చేతులు మోచేతులదాకా మడిచి. అన్నీ చెప్పేశాక కూడా కదలకుండా, మొదటిరోజు చూసినట్టే గోడలు చూస్తూ నిలబడ్డాడు. కిటికీ పక్క వరుస దగ్గర ఆయన చూపు ఆగిందనిపించింది. పిన్నుల డబ్బా నా చేతికిందే ఉంది. నోరు తెరిస్తే వచ్చింది, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి బల్ల వెనక నిలబడి అందరినీ అడిగిన మాట. "ఇంకేమైనా కావాలా అండీ?"

ఆయన కొంచెం ఆలస్యంగా, "ఏం లేదండీ" అన్నాడు. నాన్నకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

తర్వాత ఆర్డర్లు రావడం మొదలైంది. మొదట ఒకటీ అరా, ఆ తర్వాత రోజూ. ఎక్కడెక్కడివాళ్ళో తమ బట్టలు ఫొటోలు తీసి పంపేవాళ్ళు. పిల్లల గౌన్లు, తాతల కోట్లు, ఎవరో పోయినవాళ్ళదని రాసిన ఒక ఉన్ని టోపీ. నాన్న పేపరు చదవడం మానేశాడు. రిపేరువాడికి అత్తయ్యే కబురంపింది, వేరే గది చూసుకోమని. ఇల్లంతా కళకళలాడుతోంది.

నేను మాత్రం మధ్యాహ్నాలు గడపలేకపోయేదాన్ని. ఎదురుగా మూసిన షట్టరు. దానిమీద బోర్డు తీసేసినచోట గోడ తెల్లగా మిగిలింది. వానలు వెనకపట్టు పట్టాయి, ఎండొచ్చింది, ఎండని చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఎవరూ లేనప్పుడు మా సైటే తెరిచి ఫొటోలు చూసుకునేదాన్ని. వాటిల్లో ఇత్తడి గుండీ ఒకటుంది, అద్దంలా మెరుస్తుంది. దాన్ని వేళ్ళతో పెద్దది చేస్తే అందులో గుమ్మం కనిపిస్తుంది, గుమ్మంలో వాన వెలుగు, నల్లగొడుగు, గొడుగు కింద నేను. వెలుగు కుదరలేదని అన్నేసి ఫొటోలు మళ్ళీ మళ్ళీ తీసిన మనిషి, దాన్ని మాత్రం మార్చలేదు. ఆయన తనెక్కడున్నాడా అని వెతికేదాన్ని. అడుగున ఎక్కడో నల్లటి చుక్క. అదే ఆయననుకునేదాన్ని. ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది? ఆయన అడగకపోతేనేం, నేనే చెయ్యి పట్టుకుని కఫ్ విప్పి కుట్టేసి ఉంటే ఏం పోయేది?

ఒక మధ్యాహ్నం ఆర్డర్లు తెరిచాను. గుండీ, ఒకటి. జత చేసిన ఫొటోలో ఏదో బల్లమీద పరిచిన బూడిదరంగు గళ్ళ చొక్కా. ఎడమ కఫ్, గుండీ లేదు. ఊడినచోట దారప్పోగు ఇంకా అలాగే ఉంది. పక్కనే కుడి కఫ్ పెట్టాడు, సరిపోల్చుకోడానికి. తేనెరంగు, అంచున నల్లగీత. వెలుగు చక్కగా కుదిరింది. పేరు ఉన్నచోట పేరు కూడా ఉంది గానీ, నాకు దాంతో పనిలేకపోయింది.

నేను పిన్నుల డబ్బా దగ్గరికి లాక్కున్నాను. అత్తయ్య నా భుజంమీంచి తొంగిచూసి, ఏమీ అనకుండా వెళ్ళి నాన్నని లేపుకొచ్చింది. ఆవిడ ఏమీ అనకపోవడం మా ఇంట్లో అదే మొదలు.

నాన్న కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఫొటో పెద్దది చేయించుకున్నాడు. ఎంతసేపు చూశాడో. ఒకసారి కిటికీ పక్క వరుసవైపు చూశాడు, ఒకసారి నా పిన్నుల డబ్బావైపు చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు.

"రంగు సరిగ్గా తెలియడం లేదమ్మా" అన్నాడు. "ఫొటోతో ఇది తేలదు. చొక్కా తీసుకుని రమ్మని రాయి."

"నాన్నా, ఆ గుండీ ఏదో నాకు తెలుసు" అన్నాను.

"నాకూ తెలుసు" అన్నాడు నాన్న. "రమ్మని రాయి."